అలిగే భర్త, గొప్పలు చెప్పుకునే బావగారు

ప్రశ్న: మా బావగారు, అంటే మా ఆయన అన్న, నలుగురిలో కూర్చుంటే తన గొప్పలే. మా ఆయన అలా కాదు, గట్టిగా మాట్లాడరు. కానీ మా తమ్ముడు కారు కొన్నాడని నేను సంబరపడితే వారం రోజులు మాటల్లేవు. 'నన్నెవరు లెక్కచేస్తారులే' అంటారు. యూట్యూబ్‌లో చూశాక, తనే గొప్పనుకుని ఎప్పుడూ మెప్పు కోరుకునే నార్సిసిస్టేమో అనిపిస్తోంది. ఇంత మెతక మనిషి నార్సిసిస్ట్ అవుతారా? మా నాలుగేళ్ల బాబు కూడా కొత్తవాళ్ల దగ్గరికి పోడు, చిన్నదానికే ఏడుస్తాడు. వాడికీ తండ్రి గుణమే వస్తుందా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: మెతకగా ఉండేవాళ్లలోనూ నార్సిసిజం ఉంటుందమ్మా. పాల్ వింక్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1991లోనే దీనికి రెండు ముఖాలున్నాయని చూపించాడు. ఒకటి డాంబికం, రెండోది ఊరికే నొచ్చుకునే రకం. పైకి ఈ రెండింటికీ పొంతనే ఉండదు. లోపల మాత్రం అహం, తన సుఖమే ముఖ్యమనుకోవడం, ఎదుటివాళ్లను పట్టించుకోకపోవడం రెండింటిలోనూ ఉంటాయి.

ఏ ముఖం బయటపడుతుందన్నది చాలావరకు పుట్టు స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొందరు మెప్పు ఎక్కడ దొరికితే అక్కడికి దూసుకుపోతారు, పరువు పోతుందన్న జంకు తక్కువ. కొందరికి పుట్టుకతోనే బెరుకు, ఆందోళన ఎక్కువ. మెప్పు కావాలి, అడగడానికి భయం. బావగారిని ఎవరైనా తప్పుపడితే ఇల్లు అదిరేలా అరుస్తారు, మీ ఆయన గది తలుపేసుకుంటారు. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే కావచ్చు.

'కావచ్చు' అని ఊరికే అనలేదు. బెరుకు జబ్బు కాదు, సున్నితత్వమూ జబ్బు కాదు. నార్సిసిజం జబ్బు స్థాయికి చేరిందని, అంటే నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అని తేల్చాలంటే, మానసిక వైద్యులు ప్రమాణంగా వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలోని తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, అవి వయసొచ్చినప్పటి నుంచీ అన్నిచోట్లా కనిపించాలి. మీ ఉత్తరాన్ని బట్టి నేను తేల్చలేను, వీడియోలు అసలే తేల్చలేవు. మీరు గమనించాల్సింది ఒకటుంది. మీకు జ్వరమొస్తే ఆయన ఏం చేస్తారు? అలక తీరాక 'నువ్వూ బాధపడ్డావు కదా' అని ఒక్కసారైనా అంటారా? అలా అంటుంటే, ఆయన చిన్నప్పటి నుంచీ అన్నతో పోల్చి చూడటం వల్ల నలిగిన మనిషి అయి ఉండొచ్చు. నిద్ర, ఆకలి కూడా తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ ఏమో చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

'నువ్వు నార్సిసిస్ట్‌వి' అని మాత్రం మొహం మీద అనకండి. అలిగినప్పుడు 'మీరు నొచ్చుకున్నారని తెలుసు, మాట్లాడాలనిపించినప్పుడు చెప్పండి' అని ఒక్కసారి అని, మీరు వేళకు భోంచేయండి. పదేపదే బతిమాలితే అలకకు ఫలితం దక్కుతోందని అలవాటైపోతుంది. తమ్ముడికి ఫోన్ చేయడం మానకండి. ఆ మౌనం కాస్తా ఇంటి ఖర్చుకు డబ్బు ఆపడం దాకా, చెయ్యెత్తడం దాకా పోతే ఇది అలక విషయం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

ఇక బాబు. వాడి గురించి మీరు బెంగపడాల్సినంత ఏమీ లేదు. 1956లో న్యూయార్క్‌లో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టిన థామస్, చెస్ దంపతులు, కొత్తవాటికి మెల్లగా అలవాటుపడే పిల్లలు కొందరుంటారని, ఆ తీరుకు ఇల్లు ఎంత సర్దుకుంటుందన్నదే ముఖ్యమని చెప్పారు. నెదర్లాండ్స్‌లో 7 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. 'మావాడు అందరికన్నా గొప్ప' అనుకునే తల్లిదండ్రుల పిల్లల్లో నార్సిసిజం పెరిగింది. ప్రేమగా చూసుకున్న ఇళ్లలో పెరిగింది ఆత్మగౌరవం. కాబట్టి ధైర్యం వస్తుందని 'నీ అంతటివాడు లేడు' అని ఎత్తేయకండి. బావగారి పిల్లలతో పోల్చకండి. పెళ్లికి తీసుకెళ్తే రైమ్ చెప్పమని ముందుకు తోయకుండా కాసేపు మీ ఒళ్లో కూర్చోనివ్వండి, వాడే దిగి వెళ్తాడు. అత్తగారు 'మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా' అంటే, 'ఏడవనివ్వండి అత్తయ్యా, కాసేపటికి వాడే మానేస్తాడు' అని వాడికి వినపడేలా చెప్పండి.