కుప్ప చల్లారింది, ఎరువు మాగిందా?

ప్రశ్న: తోటలో రాలిన ఆకులు, కోసిన గడ్డి, కత్తిరించిన కొమ్మలు కలిపి రెండు నెలల కిందట కుప్ప వేశాను. మొదటి వారం లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. ఇప్పుడు చల్లారి, సగానికి కుంగింది. తవ్వితే నడుమ ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లగా ఉంది. ఇది తెగులా? ఎరువు మొక్కలకు వేసేయవచ్చా?

జవాబు: తెగులు కాదు. కానీ ఇప్పుడే వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి కుప్ప పని ముగించి చల్లారినట్టు లేదు, తేమ చాలక మధ్యలో ఆగిపోయినట్టుంది.

ఆ తెల్లటిది ఆక్టినోమైసిటీస్. బూజులా దారాలు దారాలుగా ఉన్నా ఇవి బ్యాక్టీరియా జాతివే. వేడిని తట్టుకుంటాయి, గట్టి పీచునూ కరిగిస్తాయి. మాగిన ఎరువుకు తొలకరి జల్లు పడ్డ నేల వాసన వచ్చేది వీటి చలవే. అక్కడక్కడ కనిపిస్తే మంచిదే. నడుమంతా తెల్లబడి, కదిపితే పొగలా దుమ్ము లేస్తోందంటే మాత్రం వేడికి తేమ ఎగిరిపోయిందన్నమాట. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకుని తవ్వండి.

ఇప్పుడు కుప్పలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టి చూడండి. మెత్తటి భాగం పోయి ఈనెలు వలలా మిగిలాయా? అయితే సగం పనే అయింది. సూక్ష్మజీవులు ముందుగా చక్కెరలు, పిండి పదార్థాలు తినేస్తాయి. మీకు తగిలిన వేడి అప్పటిదే. నడుమ 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. 55 డిగ్రీలు మూడు రోజులు నిలిస్తే చాలా రకాల కలుపు విత్తనాలు, తెగులు క్రిములు చస్తాయి. అంచుల్లో ఉన్నవి చావవు, కుప్పను తిరగవేయమనేది అందుకే. ఆ తర్వాత ఆకుల పీచులో ఉండే సెల్యులోజ్ వంతు. ఈనెల్లో, పుల్లల్లో ఉండే లిగ్నిన్ అన్నిటికన్నా మొండిది. దాన్ని విడగొట్టేవి ముఖ్యంగా శిలీంధ్రాలు. వాటిలో చాలావాటికి అంత వేడి పడదు, కుప్ప చల్లారాకే లోపలికి వస్తాయి. అందుకే చల్లారాక కూడా పని చాలా మిగిలి ఉంటుంది.

కుప్ప కుంగిందని బెంగ వద్దు. కర్బనం బొగ్గుపులుసు వాయువుగా, నీరు ఆవిరిగా పోయాయి. మొదట ఒక పాలు నత్రజనికి 30 పాళ్లున్న కర్బనం, మాగేసరికి 15–20 పాళ్లకు దిగుతుంది. అంతకుముందే వేస్తే సూక్ష్మజీవులు మిగతా కర్బనాన్ని అరిగించుకోవడానికి నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. పచ్చి ఎరువులోని ఆమ్లాలకు లేత మొలకలూ దెబ్బతింటాయి.

కుప్పను విప్పి, అంచులది నడుమకూ నడుమది అంచులకూ మార్చండి. పొరపొరకూ నీళ్లు చిలకరించండి. పిడికిట పట్టి పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. ఎండాకులే ఎక్కువుంటే కొంచెం పచ్చిగడ్డి కలపండి. మరీ ఎక్కువైతే అమోనియా ఘాటు వస్తుంది, అది మీ నత్రజని గాలిలో కలుస్తున్న వాసన. కుళ్లిన గుడ్ల కంపు కొడితే గాలి ఆడటం లేదని.

రెండు మూడు రోజులాగి నడుమకు ఇనుప కడ్డీ గుచ్చి, పది నిమిషాల తర్వాత లాగి పట్టుకోండి. వేడిగా ఉంటే తిండి ఇంకా మిగిలే ఉంది, చల్లబడ్డాక మళ్లీ తిరగవేయండి. తేమ సరిపడా ఉండి, తిరగవేసినా వేడెక్కకపోతే ఒకటి రెండు నెలలు మాగనివ్వండి. చివర్లో గుప్పెడు తడి ఎరువును పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి, మూడు రోజుల తర్వాత విప్పండి. పులిసిన వాసన గానీ ఘాటు గానీ తగిలితే ఇంకా ఆగాలి, మట్టి వాసన వస్తే వేసుకోవచ్చు. వేలి లావు పుల్లలు అప్పటికీ మిగిలే ఉంటాయి. వాటిని జల్లెడ పట్టి కొత్త కుప్పకు అడుగున పరవండి, గాలి ఆడటానికి పనికొస్తాయి.