చాట్స్‌వర్త్‌లో పూల ఎగ్జిబిషన్లు: అమ్మానాన్నలకు నచ్చుతాయా?

వచ్చే వేసవిలో పులివెందుల నుంచి మీ అమ్మానాన్నలు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వస్తున్నారని, నాన్నగారు అరటి రైతని, ఇద్దరికీ ఇంగ్లిష్ పెద్దగా రాదని రాశారు. షెఫీల్డ్ దగ్గర్లో పెద్ద తోటల మధ్య ఉన్న పాత భవంతి చాట్స్‌వర్త్ హౌస్‌లో పెట్టే ఆర్ట్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తే వాళ్లకు విసుగొస్తుందేమో, టికెట్ డబ్బులు దండగేమో అని మీ అనుమానం.

నేనూ షెఫీల్డ్‌లోనే ఉంటాను. 2025లో మావాళ్లు వచ్చినప్పుడు అక్కడ ‘ద గార్జియస్ నథింగ్స్’ అనే పూల ఎగ్జిబిషన్ నడుస్తోంది. వాళ్లను తీసుకెళ్లాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ముందు తోట చూపించి, ఆ తర్వాతే ఇంట్లోకి వెళ్లండి.

చాలామంది బస్సు దిగగానే నేరుగా ఇంట్లోకి వెళ్తారు. బంగారు పూత కిటికీలు, పైకప్పు నిండా బొమ్మలు, పాలరాతి విగ్రహాలు చూసి చూసి నాలుగు గదులయ్యేసరికి కళ్లు అలిసిపోతాయి. ఇక పూల చిత్రాలు కూడా గోడకు ఇంకో అలంకారంలాగే కనిపిస్తాయి. తోట తిరిగి వచ్చినవాళ్లకు అలా కాదు. ఏ మొక్క కోసం ఎవరు ఎంత తాపత్రయపడ్డారో తెలిశాక ఆ బొమ్మ ముందు కాళ్లు ఆగుతాయి.

మీ నాన్నగారికి మొదట అరటి కథ చెప్పండి. ఈ ఇల్లు డెవన్‌షైర్ డ్యూకులది (డ్యూకు అంటే జమీందారు లాంటి పెద్ద బిరుదు), వాళ్ల ఇంటిపేరు కావెండిష్. పులివెందుల వైపు తోటలన్నీ నిండిన జి-9, అంటే గ్రాండ్ నైన్, కావెండిష్ రకం అరటే. ఆ పేరు ఈ ఇంటిదే. 1826లో జోసెఫ్ పాక్స్టన్ అనే కుర్రాడు, ఇరవై మూడేళ్లు నిండకముందే, ఇక్కడ హెడ్ గార్డెనర్‌గా చేరాడు. 1830 ప్రాంతంలో మారిషస్ నుంచి వచ్చిన అరటి మొక్కను తెప్పించుకుని, వెచ్చగా ఉంచిన అద్దాల ఇంట్లో పెంచాడు. 1835 నవంబర్‌లో అది పువ్వు వేసింది. మరుసటి ఏడు వేసవి వచ్చేసరికి చెట్టుకు వందకు పైగా కాయలు! ఇంట్లో ఒక గదిలో చైనా చిత్రకారులు చేత్తో వేసిన వాల్‌పేపర్ మీద అరటి చెట్టును చూసే ఆయనకు ఆ కోరిక పుట్టిందని చెబుతారు. ఆ కావెండిష్ అరటిని అక్కడ ఇప్పటికీ గ్రీన్‌హౌస్‌లో పెంచుతున్నారు. మీరు వెళ్లే రోజు చూడనిస్తారా అని స్టాఫ్‌ను అడగండి. మా నాన్నకు ఈ కథ చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఈ చలిలో పిలకలు ఎట్లా బతికించాడు?” అని. ఇంటి లోపల ఆయన చూపంతా ఆకుల మీదే ఉంది, ఫ్రేములను పట్టించుకోలేదు.

తర్వాత చిక్కుదారుల తోట దగ్గర కాసేపు కూర్చోండి, ఇంగ్లిష్‌లో మేజ్ అంటారు. పాక్స్టన్ 1836లో మొదలుపెట్టి కట్టిన గ్రేట్ కన్జర్వేటరీ అనే పెద్ద అద్దాల ఇల్లు ఉండేది ఆ స్థలంలోనే. 1843లో విక్టోరియా రాణి గుర్రపు బండి దిగకుండానే దాని మధ్యలోంచి వెళ్లింది, అంత పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెచ్చదనానికి బొగ్గు లేక లోపలి మొక్కలు చనిపోయాయి, 1920లో కట్టడాన్ని కూల్చేశారు. ఇప్పుడు పునాది గోడలే మిగిలాయి. ఆ చోట నిలబడితే నాకు నిజంగా బాధేస్తుంది.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద కలువ, విక్టోరియా అమెజానికా, ఇంగ్లండ్‌లో మొట్టమొదట పూసింది కూడా చాట్స్‌వర్త్‌లోనే, 1849 నవంబర్‌లో. పాక్స్టన్ తన ఏడేళ్ల కూతురు ఆనీని దాని ఆకు మీద నిలబెట్టాడు. ఆ బొమ్మ ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో వచ్చింది. ఆకు అడుగున ఈనెలు ఒకదానితో ఒకటి అల్లుకున్న తీరును ఆయన అద్దాల కట్టడాలకు వాడుకున్నాడు, 1851లో లండన్‌లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ అనే భారీ అద్దాల భవనం ఆయన డిజైనే. పూల కళ అంటే ఫ్రేములో గులాబీలే అనుకునేవాళ్లకు నేను ఈ ఆకు సంగతి చెబుతుంటాను.

మన దేశం సంగతీ ఇందులో ఉంది. 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని డ్యూకు కలకత్తా పంపించాడు, బర్మా నుంచి అక్కడి బొటానికల్ గార్డెన్‌కు చేరిన అమ్హర్స్టియా అనే ఎర్రపూల చెట్టు కోసం. గిబ్సన్ ఖాసీ కొండల్లో తిరిగి పెట్టెల కొద్దీ ఆర్కిడ్లు కూడా తీసుకెళ్లాడు. ఆ కలకత్తా తోటను అంతకుముందు నడిపిన విలియం రాక్స్‌బర్గ్ మొదట మన సామర్లకోటలో పనిచేసినవాడు. అక్కడ స్థానిక చిత్రకారుల చేత వందల మొక్కల బొమ్మలు వేయించాడు, వాటిలో మూడు వందలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. రాక్స్‌బర్గ్ పేరు అందరికీ తెలుసు. కుంచె పట్టినవాళ్ల పేర్లు జనానికి తెలియవు. ఇంగ్లండ్‌లో ఏ పెద్దింట్లో పాత మొక్కల చిత్రాలు కనిపించినా నేను వెంటనే ఆ చేతుల గురించి ఆలోచిస్తాను, మీరూ మీవాళ్లకు చెప్పండి.

ఇక ఎగ్జిబిషన్ సంగతి. ఇల్లంతా పరుచుకుని, ఆ ఇంటి సొంత పుస్తకాలు, బొమ్మలతోపాటు ఈ కాలపు కళాకారుల పనులు కూడా పెట్టారు. మా అమ్మకు బాగా నచ్చినవి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరి పూలకూజాలు. 1690ల నాటివి, నీలం తెలుపు రంగుల్లో పింగాణీలా మెరిసే మట్టివి, అంతస్తులు అంతస్తులుగా లేచి, ఒక్కో పువ్వుకు గొట్టంలాంటి ఒక్కో కొమ్ము. అందులో ఏ కొమ్ములో ఏ రంగు పువ్వు పెడితే బాగుంటుందో అమ్మ చెబుతుంటే పక్కన నిలబడిన ఆవిడ, భాష తెలియకపోయినా, నవ్వుతూ వింది. లేబుళ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. అన్నీ చదివి చెప్పాలని టెన్షన్ పడకండి, వాళ్లు ఆగినచోట రెండు ముక్కలు చెప్తే చాలు.

ఎగ్జిబిషన్ ఏడాదికొకటి మారుతుంది, పూలవే ఉంటాయని లేదు. 2022లో, అమెరికాలోని నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవపు భారీ శిల్పాలను పార్కులో నిలబెట్టారు. చూడ్డానికి బాగున్నాయి గానీ, వాటిని ఎక్కడ పెట్టినా అంతే అనిపించింది నాకు. తోటలోంచి పుట్టిన పని ఆ నేల మీదే చూడాలి. కాబట్టి బుక్ చేసే ముందు ఆ ఏడాది థీమ్ ఏంటో వెబ్‌సైట్‌లో చూడండి. నచ్చకపోతే తోట ఒక్కదానికే టికెట్ తీసుకోవచ్చు, అదీ రోజంతా సరిపోతుంది.

నాన్నగారిని ఎంపరర్ ఫౌంటెన్ దగ్గరికి మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్లండి. 1844లో రష్యా చక్రవర్తి (జార్) వస్తాడని కట్టారు, ఆయన రాలేదు. మోటారు లేదు, పంపు లేదు. పైన కొండ మీద తవ్విన చెరువు నీళ్లు పైపులో దిగి, ఆ ఒత్తిడికే లేస్తాయి. 90 మీటర్ల ఎత్తు లేచినట్టు రికార్డు ఉంది. బోరు వేసి కరెంటు కోసం ఎదురుచూసిన రైతుకు అది ఎలా అనిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తోటలో ఎత్తుపల్లాలు ఎక్కువ, అమ్మగారికి చెప్పుల బదులు బూట్లు వేయించండి. వేసవైనా గొడుగులు పట్టుకెళ్లండి. తోటలో కూర్చుని తినొచ్చు, పులిహోర కట్టుకెళ్తే కెఫేలో క్యూ తప్పుతుంది. షెఫీల్డ్ నుంచి 218 బస్సు వెళ్తుంది, తిరిగొచ్చే బస్సు టైము ముందే చూసి పెట్టుకోండి.