వలసదారులు, వలసవాదులు

సందేహం: పొట్ట చేత పట్టుకుని పోయేవారిని వలస కూలీలు అంటాం. బ్రిటిష్ ప్రభుత్వాన్నీ వలస పాలన అంటాం. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ ఊళ్లు కట్టుకుని స్థిరపడలేదు కదా, ఈ మాట వారికెలా కుదిరింది? సామ్రాజ్యవాదం అంటే సరిపోదా? ఈ మధ్య ఒక పత్రికలో ‘అమెరికా నుంచి వలసవాదులను వెనక్కి పంపుతారు’ అని చదివాను. అది సరైనదేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: సగం జవాబు మీ చుట్టుపక్కలే ఉంది. కొత్తవలస, ఆముదాలవలస, జియ్యమ్మవలస. ఈ పేర్లలో వలస అంటే వేరేచోటి నుంచి వచ్చినవారు నిలదొక్కుకున్న ఊరు. లాటిన్‌లో ‘కొలోనియా’ మొదటి అర్థం కూడా దీనికి దగ్గరే. నేల దున్నడాన్ని చెప్పే క్రియ నుంచి పుట్టిన మాట అది. గెలుచుకున్న ప్రాంతాల్లో మాజీ సైనికులకూ ఇతరులకూ పొలాలిచ్చి నిలిపిన పట్టణాలను రోమన్లు అలా పిలిచారు. రైన్ నది ఒడ్డున క్రీ.శ. 50లో ఆ హోదా పొందిన పట్టణం నేటికీ కొలోన్ పేరుతోనే ఉంది. కాబట్టి కాలనీని ‘వలస’ అన్నవారిని తప్పుపట్టలేం.

ఇబ్బందల్లా వలసకున్న రెండో ముఖంతోనే. శత్రుసేన వస్తోందన్న భయంతో ఇల్లూ వాకిలీ విడిచిపోవడమని పాత నిఘంటువులు దీనికి అర్థం చెప్పాయి. పారిపోయేవారి మాట చివరికి దండెత్తినవారికి విశేషణమై కూర్చుంది! హిందీ, బెంగాలీల్లోని ‘ఉపనివేశం’తో ఈ పేచీ లేదు. మనమూ దాన్నే తీసుకుని ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది గానీ, పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన ‘వలస పాలన’ను ఇప్పుడు పెకలించబూనడం వృథా శ్రమ.

స్థిరపడకుండా వలస ఏమిటన్న మీ ప్రశ్న గట్టిది. చరిత్రలో ఈ పాలన ఒకే తీరుగా సాగలేదు. ఆస్ట్రేలియాలో 1788 నుంచి ఇంగ్లీషువాళ్లు కాపురాలు పెట్టి, ఆదివాసుల భూమిని ఎవరిదీ కానట్టు ఆక్రమించుకున్నారు. ఆ వాదం చెల్లదని అక్కడి హైకోర్టు చెప్పేసరికి 1992 వచ్చింది. అల్జీరియాను 1830లో ఆక్రమించిన ఫ్రాన్సు లక్షల మంది ఐరోపావారిని అక్కడ నిలిపింది. 1962లో స్వాతంత్ర్యం రాగానే వారిలో అత్యధికులు ఫ్రాన్సు దారి పట్టారు. ఇవి అక్షరాలా వలసలే.

మన దేశంలో జరిగింది వేరు. తెల్లవారు స్వేచ్ఛగా వచ్చి స్థిరపడటం ఈస్టిండియా కంపెనీకే ఇష్టం లేదు. 1833 చార్టర్ చట్టం సడలించేదాకా లైసెన్సు లేనిదే వారిని ఉండనిచ్చేది కాదు. మచిలీపట్నంలో 1611లో వెలిసింది ఒట్టి వర్తక స్థావరం. దాన్ని వలస అనడం తొందరపాటు. హైదరాబాదు పాలకుడు నిజాం అలీతో 1766లో కుదిరిన ఒప్పందంతో మన కోస్తా జిల్లాలున్న ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాకే, శిస్తు ఇక్కడా నిర్ణయం లండన్‌లోనా అనే ఏర్పాటు మన జిల్లాల్లో వేళ్లూనుకుంది. స్థిరనివాసం లేకపోయినా చరిత్రకారులు మన దేశాన్ని వలస రాజ్యం అనడానికి ఈ ఏర్పాటే కారణం. అన్నట్టు, వలస రాజ్యం అంటే ఏలుబడిలో ఉన్న దేశం. ఏలే దేశానికి ఈ మాట వాడుతున్న వ్యాసాలూ కంటపడుతున్నాయి.

సామ్రాజ్యవాదం ఇంతకంటే విశాలమైన మాట. 1842 నాటి నాన్‌జింగ్ ఒప్పందంతో బ్రిటన్ చైనా రేవులు తెరిపించి, హాంకాంగ్‌ను తీసుకుంది. హాంకాంగ్ వలస రాజ్యమైంది. మిగతా చైనాలో చక్రవర్తి గద్దె మీదే ఉన్నాడు, అయినా అక్కడ బ్రిటన్ చెలాయించిన పెత్తనమూ సామ్రాజ్యవాదమే. ఒకదాని బదులు మరొకటి వాడితే ఈ తేడా చెరిగిపోతుంది.

ఇక పత్రిక వాక్యం. అది తప్పే. వెళ్లినవారు వలసదారులు, వలస జీవులు. వలసవాదులంటే పరదేశాన్ని గుప్పిట పెట్టుకునేవారు, ఆ విధానాన్ని సమర్థించేవారు. ఉద్యోగం కోసం పోయిన మనిషిని ఆ మాట అనడం అన్యాయం. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నేటి దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది. అందులో చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ కూలీలు వలసదారులు. అక్కడి జులూ ప్రజల నేలలో తోటలు వేసుకుని ఈ కూలీలను రప్పించుకున్న తెల్లదొరలు వలసవాదులు.