ఫైర్‌వార్మ్ అంటే ఒకటే పురుగా, చాలా రకాలున్నాయా?

చాలా రకాలే. ఫైర్‌వార్మ్ అనేది ఒక జాతి పేరు కాదు, ఆంఫినోమిడే అనే సముద్రపు పురుగుల కుటుంబం మొత్తాన్ని అలా పిలుస్తారు. వానపాము, జలగ ఉన్న అనెలిడా వర్గమే ఇది కూడా, కాకపోతే వీటి ఒంటి పక్కన కుచ్చుల్లా ఉండే తెల్ల ముళ్లు కాల్షియంవి, పెళుసు, చెయ్యి తగిలితే చర్మంలోకి దిగి అక్కడే విరిగిపోతాయి, ఆ మంటకే ఈ పేరు.

ఇప్పుడు వీటిని రెండు ఉపకుటుంబాలు చేశారు, ఆంఫినోమినే, ఆర్కినోమినే. రెండోదాంట్లో ఆర్కినోమ్ అని ఒకటుంది, అది సముద్రం అడుగున వేడినీళ్లు చిమ్మే చోట్ల బతుకుతుంది, మామూలుగా పగడపు దిబ్బల దగ్గర కనిపించే వాటితో పోలిస్తే వేరే లోకమే అనుకోండి.

అసలు తలనొప్పి ఏ సముద్రంలో ఏ జాతి ఉంది అనే దగ్గరే. యూరిథో కాంప్లనాటా అని 1766లో పల్లాస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన జాతి వేడి సముద్రాలన్నింట్లో ఉందనుకునేవాళ్లు, డీఎన్ఏ చూస్తే అట్లాంటిక్‌వీ పసిఫిక్‌వీ చూడ్డానికి ఒకేలా ఉన్నా వేరు జాతులని తేలింది. హెర్మొడిస్ అనే ఇంకో ఫైర్‌వార్మ్‌ది మాత్రం పూర్తిగా రివర్స్, కరీబియన్‌లో దొరికేవాటికీ మధ్యధరాలో దొరికేవాటికీ మొప్పల పోగుల లెక్కలో తేడా ఉందని రెండు జాతులుగా విడదీశారు గానీ జన్యుపరంగా రెండూ ఒకటే. వీటి లార్వాలు చాలాకాలం నీళ్లలో తేలుతూ ఉంటాయి కాబట్టి అంత దూరం వెళ్లగలగడం పెద్ద వింతేం కాదు. అందుకే ఫొటో చూసి జాతి పేరు చెప్పేవాళ్లని నేనైతే నమ్మను, కనీసం ఏ సముద్రంలో దొరికిందో అడగాలి.