బూజు పట్టిందాన్ని గ్యాలరీలో పెడితే కళ అయిపోతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. ఈమధ్య విదేశాల ఆర్ట్ ఎగ్జిబిషన్ల ఫోటోలు చూస్తుంటే ఎక్కడ చూసినా పుట్టగొడుగులే, ఫంగస్సే. బ్రెడ్డుకి బూజు పడితే మనం చెత్తబుట్టలో వేస్తాం, వాళ్ళేమో లైట్లు పెట్టి మరీ చూపిస్తున్నారు. ఇందులో నిజంగా విషయం ఉందా, లేక ఏదో కొత్త పిచ్చా? — ఒక పాఠకురాలు

జవాబు: పిచ్చి కొంత ఉందండి, కాదనను. కానీ విషయం కూడా ఉంది. ఏదైనా ఉన్నట్టుండి ఎక్కువైపోతే పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి అంటాం కదా, నిజానికి ఆ గొడుగు కాయ లాంటిది మాత్రమే, అసలు ఒళ్ళంతా కిందే ఉంటుంది, మట్టిలోనో కుళ్ళిన దుంగలోనో సన్నటి తెల్ల దారాల్లా అల్లుకుపోయి ఎన్నాళ్ళనుంచో తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, దాన్నే మైసీలియం అంటారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక అడవి కింద ఒకే ఒక్క ఫంగస్ సుమారు 9.6 చదరపు కిలోమీటర్ల మేర పాకి ఉంది, పైగా చెట్ల వేళ్ళు తింటూ వాటిని చంపేస్తోంది కూడా.

ఇక ఆర్ట్ సంగతి. కార్స్టెన్ హోలర్ అనే ఆర్టిస్ట్ 2000లో తెల్లచుక్కల ఎర్ర పుట్టగొడుగుల్ని భారీ సైజులో చేసి సీలింగ్ నుంచి తలకిందులుగా వేలాడదీశాడు. ఫోటోకి భలే ఉంటుంది, నాకు మాత్రం అది గొడుగు దగ్గరే ఆగిపోయిందనిపిస్తుంది. నాకు నచ్చింది 2014లో న్యూయార్క్‌లో మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియం ఆవరణలో కట్టిన హై-ఫై అనే టవర్. మొక్కజొన్న కాడల్ని ముక్కలు చేసి, మైసీలియం కలిపి అచ్చుల్లో కూరితే కొద్ది రోజుల్లోనే ఆ దారాలు ముక్కలన్నిటినీ పట్టేసుకుని ఇటుకలా బిగుసుకుంటాయి, బట్టీలో కాల్చే పనే లేదు. అలాంటివి దాదాపు 10,000 ఇటుకలు, ఎత్తు సుమారు 40 అడుగులు, సీజన్ అయ్యాక విప్పేసి కంపోస్టులో కలిపేశారు. ఇక్కడ ఫంగస్‌ని ఎవరూ బొమ్మ గియ్యలేదు, దానిచేత కూలిపని చేయించుకున్నారు అంతే, అడవిలో ఎండుకొమ్మల్ని పట్టుకుని ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది.

అడవిలో ఆ పని లేకపోతే మన గతి ఏంటో ఆలోచించండి. చెక్కకి గట్టితనం ఇచ్చే లిగ్నిన్‌ని బాగా విడగొట్టగలిగేవి ముఖ్యంగా కొన్నిరకాల ఫంగస్‌లే, అవి లేకపోతే పడిపోయిన మాన్లు అలా పేరుకుపోతూనే ఉంటాయి. ఇంకోరకం ఫంగస్‌లు మొక్కల వేళ్ళకి అతుక్కుని ఫాస్ఫరస్, నీళ్ళు అందించి బదులుగా చక్కెర తీసుకుంటాయి, నేలమీది మొక్కల్లో చాలావాటికి ఈ బేరం ఉంది. అయితే చెట్లు ఫంగస్ ద్వారా మాట్లాడుకుంటాయి అని గ్యాలరీ బోర్డు మీద కనిపిస్తే వెంటనే నమ్మెయ్యకండి, నిజం అడవుల్లో అది ఎంతవరకు జరుగుతుందో సైంటిస్టులే ఇంకా కొట్టుకుంటున్నారు.

ప్రశ్న: ఇంట్లో పిల్లలతో చేయించదగ్గది ఏమైనా ఉందా?

జవాబు: స్పోర్ ప్రింట్ ఉంది కదండీ, అంటే పుట్టగొడుగు రాల్చే విత్తనాల్లాంటి సన్నటి పొడితో కాగితం మీద పడే అచ్చు. బాగా విచ్చుకున్న పుట్టగొడుగు తీసుకుని కాడ కోసేసి, కిందివైపు రేకులు కాగితానికి ఆనేలా పెట్టి గ్లాసు బోర్లించండి, రాత్రంతా కదపొద్దు. పొద్దున ఎత్తి చూస్తే రేకు రేకుకీ గీతలు గీతలుగా సన్నటి పొడి రాలి ఉంటుంది, అచ్చం చక్రంలా. పొడి తెల్లగా ఉండే జాతులూ ఉన్నాయి, అందుకని సగం నల్లకాగితం, సగం తెల్లకాగితం పక్కపక్కన పెట్టుకోండి. వేలు తగిలితే చెరిగిపోతుంది, దూరం నుంచి కాస్త హెయిర్ స్ప్రే కొడితే నిలుస్తుంది. ఏ జాతో తెలీనిదైతే నోట్లో పెట్టనివ్వకండి, పని అయ్యాక చేతులు కడిగించండి.