లినక్స్ వేశాక వైఫై కనిపించకపోతే కార్డు పాడైనట్టేనా?

కాదు, చాలా సందర్భాల్లో కార్డు బాగానే ఉంటుంది. దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రమే సిస్టమ్‌లో ఉండదు.

వైఫై కార్డులోని చిప్ కూడా ఒక చిన్న కంప్యూటరే. అది నడవడానికి సొంత ప్రోగ్రామ్ కావాలి; దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. చాలా కార్డుల్లో ఆ ప్రోగ్రామ్‌ను శాశ్వతంగా దాచే చోటు ఉండదు కాబట్టి, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కెర్నల్‌లోని (లినక్స్ ప్రధాన భాగంలోని) డ్రైవరే, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామే, దాన్ని డిస్కు నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. ఫైలు దొరక్కపోతే పని అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న సమాచారం సాధారణంగా ఫైలు పేరుతో సహా కెర్నల్ లాగ్‌లో, అంటే కెర్నల్ రాసిపెట్టే సందేశాల చిట్టాలో ఉంటుంది. ఇంతకంటే సూటైన ఆధారం మరొకటి దొరకదు.

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ సంగతే చూడండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని (ఎవరైనా స్వేచ్ఛగా మార్చుకుని పంచుకునే వీలులేని) ఫర్మ్‌వేర్‌ను 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచే అధికారిక ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌లో చేర్చారు. అంతకు ముందు ఎన్నో ఇంటెల్ కార్డులకు డ్రైవర్ ఉండేది, ఫర్మ్‌వేర్ ఉండేది కాదు.

చాలామంది దీన్ని డ్రైవర్ లోపమనుకుని విండోస్ డ్రైవర్ కోసం వెతుకుతారు. అది వృథా శ్రమ. ఈథర్‌నెట్ కేబుల్‌తోనో, ఫోను యూఎస్‌బీ టెథరింగ్‌తోనో నెట్ తెచ్చుకుని, సరైన ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా సరిపోతుంది.