దోసెల చేయి కాసేపు మరిచిపో

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇకమీదట మిక్స్ పొట్లాలు కొనకుండా, ప్రతి శనివారం ఉదయం నువ్వే మజ్జిగ పాన్‌కేకులు వేసి ఇంటిల్లిపాదికీ పెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, డాలస్‌లో నీ సంసారం కుదురుకుంటున్నదని ఎంతో సంతోషించాను. ఆ వెంటనే, రెండేళ్లవాణ్ణి చంకనెత్తుకొని పొయ్యి దగ్గర నిలబడే నీ అలవాటు గుర్తుకు వచ్చి గుండె గుభేలుమన్నది. మీ ఇంట్లో ఉన్నది గాజు పలక ఉన్న కరెంటు పొయ్యి. ఆపిన తరువాత కూడా అది చాలాసేపు కాలుతూనే ఉంటుంది గాని, చూడటానికి చల్లారినట్టే కనబడుతుంది. ముందు వాణ్ణి హైచెయిర్‌లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఆ తరువాతే పెనం పెట్టు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించవద్దు.

కొలతలు సులువే. 2 కప్పుల మైదాకు 2 కప్పుల మజ్జిగ, 2 గుడ్లు, 2 పెద్ద చెంచాల పంచదార, 1 చిన్న చెంచా వంటసోడా, అర చిన్న చెంచా ఉప్పు, 4 పెద్ద చెంచాల కరిగించిన వెన్న. మజ్జిగ అంటే మనం అన్నంలో పోసుకొనే పలుచటిది కాదు. అక్కడి అంగళ్లలో బటర్‌మిల్క్ అని అమ్మేది, పాలను తోడుపెట్టి చిక్కగా పులియనిచ్చినది. ఆ పులుపు సోడాకు తగిలితేనే పిండి పొంగుతుంది. పులుపు చాలకపోతే సోడా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది. అది దొరకని రోజున, ఒక్కొక్క కప్పు మజ్జిగకు బదులు ముప్పావు కప్పు పుల్లటి పెరుగులో పావు కప్పు పాలు కలుపుకో.

ఇక నా ఘనకార్యం విను. 1991 చలికాలంలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మేము కాపురం పెట్టిన కొత్తలో, పక్క అపార్ట్‌మెంటులోని అమెరికన్ ముసలావిడను, ఆమె మనుమలను ఆదివారం ఉదయం ఫలహారానికి పిలిచాను. ఊహ తెలిసినప్పటి నుంచి దోసెల పిండి కలిపిన చేయి కదా, గుడ్లు మాత్రం పొద్దున్న వేయవచ్చునని ఆపి, శనివారం రాత్రే మైదాలో మజ్జిగ, సోడా అన్నీ పోసి, ఒక్క ఉండ కూడా మిగలకుండా అరగంటసేపు గిలక్కొట్టి, బాగా పులవాలని గిన్నెను హీటరు పక్కన పెట్టి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారేసరికి పిండి బంకలా సాగుతున్నది. పెనం మీద పోస్తే ఒక్క బుడగ రాలేదు. మినుములు, బియ్యం రుబ్బిన పిండిని ఎంత కొట్టినా ఫరవాలేదు గాని, మైదాను కొట్టినకొద్దీ సాగుడు పుడుతుందని నాకప్పుడు తెలియదు. మజ్జిగ తగలగానే సోడా పొంగు మొదలై కాసేపట్లో చల్లారిపోతుందనీ, తెల్లవారేదాకా మన కోసం కాచుకొని ఉండదనీ అంతకన్నా తెలియదు. పెద్ద మనుమడు ఫోర్కుతో ముక్క కోయబోతే తెగలేదు. గట్టిగా లాగితే అట్టు మొత్తం జారి, సిరప్‌తో సహా నా కొత్త బల్లగుడ్డ మీద పడింది. మీ పెదనాన్న మాత్రం తల ఎత్తకుండా నాలుగు తిన్నారు.

ముసలావిడ ఆ పూట ఏమీ అనలేదు. మరుసటి వారం తన వంటింటికి పిలిచి, పొడి సామానులో తడి సామాను పోయించి, చెక్క గరిటె నా చేతికిచ్చి, పన్నెండుసార్లు తిప్పగానే, ఇంకా ఉండలు కనబడుతూ ఉండగానే, లాక్కున్నది. ఇంకా కలపాలని నా చేయి పీకుతూనే ఉంది! నీకూ అలాగే అనిపిస్తుంది. ఆ ఉండలు పెనం మీద వాటంతట అవే కలిసిపోతాయి. కలిపాక 10 నిమిషాలు ఆగు, అంతకు మించి ఆగకు.

నీటిచుక్క చిందులు వేసేంతగా పెనం కాలాక, సెగ తగ్గించి పావు కప్పు పిండి పోసి, దోసెలా పరచకుండా వదిలెయ్యి. బుడగలు పగిలి, ఆ చిల్లులు పూడకుండా నిలిచినప్పుడు ఒక్కసారే తిప్పు, అట్లకాడతో నొక్కకు. మొదటిది పాడైతే చిన్నబుచ్చుకోకు. మా ఇంట్లో అది మీ పెదనాన్నదే, అడిగి మరీ తీసుకొనేవారు. ఆయన పోయి మూడేళ్లయినా, నేనింకా దాన్ని విడిగా చిన్న పళ్లెంలోనే పెడుతున్నాను.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. రాత్రే కలిపిపెట్టుకుంటే పొద్దున్న పని తేలికవుతుందని నీకు తప్పకుండా చెబుతుంది.

పెద్దమ్మ